తారు ఇసుకలోంచి నూనె: మరిగే ఆవిరికి బదులు వెచ్చటి ద్రావకం

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి బాబూ, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ చప్పుడికి నా మాట వినబడకపోతే చెయ్యెత్తండి, ఆగి మళ్ళీ చెబుతాను.

నాది కోనసీమ. 1995 జనవరిలో పాశర్లపూడిలో బావి అంటుకున్న సంగతి మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అరవై అయిదు రోజులు మండింది. రాత్రిపూట మా డాబా ఎక్కితే ఆ దిక్కున ఆకాశమంతా ఎర్రగా ఉండేది. భూమిలో ఉన్నది అంత బలంగా తోసుకొస్తుంటే ఆపడానికి మనుషులు ఎంత తంటాలు పడ్డారో మేం చూశాం. చమురంటే, గ్యాసంటే అదే అనుకున్నాను. బెజ్జం పెడితే చాలు, తన్నుకొస్తుంది, దాన్ని అదుపులో పెట్టుకోవడమే పని అని.

తరవాత ఇరవై ఏళ్ళకి పైగా నేను పనిచేసిన నూనె దానికి పూర్తిగా ఎదురు. బెజ్జం పెట్టినా రాదు. పంపు దించినా రాదు. ఇసుకలో గడ్డకట్టి కూర్చుంటుంది, ఏళ్ళ తరబడి చూసినా అంగుళం జరగదు. ఇవాళ మీకు ఆ నూనె గురించి, దాన్ని కదిలించడానికి మనుషులు పడ్డ పాట్ల గురించి, అందులోనూ నాకు బాగా ఇష్టమైన ఒక ఉపాయం గురించి చెప్పాలని వచ్చాను.

కెనడాకి పడమటి వైపు అల్బెర్టా అని ఒక రాష్ట్రం. దాని ఉత్తర భాగంలో అడవి మధ్య ఫోర్ట్ మెక్‌ముర్రే ఊరు, ఊరిని ఆనుకుని అథబాస్కా నది. ఎండాకాలంలో ఆ నది గట్టున నడిస్తే ఒడ్డు కోసుకుపోయిన చోట నల్లటి ఇసుక కనబడుతుంది, మధ్యాహ్నానికి అందులోంచి తారు మెల్లగా కారుతూ ఉంటుంది. అక్కడి క్రీ, డెనె ప్రజలు దాన్ని స్ప్రూస్ చెట్టు జిగురుతో కలిపి కాచి, పడవల అతుకులకి పూసుకునేవారు. మన గోదావరి మీద నావలకి తారు పూసినట్టే. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో అటు వెళ్ళిన అలెగ్జాండర్ మెకెంజీ అనే అన్వేషకుడు ఈ సంగతి రాసిపెట్టాడు.

అథబాస్కా, కోల్డ్ లేక్, పీస్ రివర్, ఈ మూడు నిక్షేపాలు కలిపి సుమారు 1,42,000 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ కంటే పెద్దది, ఆంధ్రప్రదేశ్ కంటే కాస్త చిన్నది. అందులో ఇప్పటి పద్ధతులతో తీయగలిగింది సుమారు పదహారు వేల కోట్ల పీపాలు అని అక్కడి ప్రభుత్వ లెక్క. కానీ ఆ నూనె ఎలా ఉంటుందో చేతిలోకి తీసుకుంటే గాని తెలియదు. ఒక ముద్ద పిసికితే పాకం సరిగ్గా కుదరని నల్ల బెల్లంలా ఉంటుంది, వాసన మాత్రం కొత్తగా వేసిన రోడ్డు వాసన. నూరు కిలోల ఇసుకలో పది, పన్నెండు కిలోలే ఈ తారు. దీన్ని బిటుమెన్ అంటారు. భూమి లోపల ఉండే పది డిగ్రీల చలిలో దాని స్నిగ్ధత, అంటే చిక్కదనం, పది లక్షల సెంటీపాయిజ్ దాటి ఉంటుంది. సెంటీపాయిజ్ అంటే చిక్కదనానికి కొలత. నీళ్ళది ఒకటి. తేనెది కొన్ని వేలు. ఇది పది లక్షలు. ఇక ఎందుకు కదలదో మీరే ఊహించుకోండి.

ఇక్కడ నా చిన్నప్పటి సంగతొకటి చెప్పాలి. ఈ రోజు చెప్పేదంతా అందులోనే ఉంది. మా ఊరికి తారు రోడ్డు వేసినప్పుడు చెప్పుల్లేకుండా దాని మీద నడిచి, అరికాళ్ళ నిండా తారు అంటించుకుని ఇంటికొచ్చాను. అమ్మ వేడినీళ్ళు పోసి పీచుతో తోమింది. మెత్తబడింది గానీ వదల్లేదు. అప్పుడు మా అమ్మమ్మ అరుగు మీద ఎండలో కూర్చోబెట్టి, కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో రుద్దింది. రెండు నిమిషాల్లో పోయింది. ఎండలోనే ఎందుకు కూర్చోబెట్టావని అడిగితే, "చల్లగా ఉంటే కిరసనాయిలైనా లొంగదురా" అంది.

అదీ విషయం. తారుని వదిలించడానికి రెండు దారులున్నాయి. వేడి ఒకటి, కరిగించే ద్రవం, అంటే ద్రావకం, రెండోది. అల్బెర్టాలో నూరేళ్ళుగా జరిగిందంతా మొదటి దారే. రెండూ కలిపితే ఏమవుతుందో అక్కడ నలభై ఏళ్ళ బట్టి ప్రయోగాలు చేస్తున్నారు.

మొదటి దారి చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1920లలో కార్ల్ క్లార్క్ అనే శాస్త్రవేత్త ఇసుకని వేడినీళ్ళలో కలియబెట్టి, పైకి తేలిన తారు నురగని తీసే పద్ధతి కుదిర్చాడు. 1967లో దాని మీదే మొదటి పెద్ద గని మొదలైంది. రెండు టన్నుల ఇసుక తవ్వితే ఒక పీపా నూనె. తవ్విన తరవాత మిగిలే బురదనీళ్ళు చెరువులంత, నిజం చెప్పాలంటే సరస్సులంత గుంటల్లో ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. నదికి దిగువన ఫోర్ట్ చిపెవయన్‌లో ఉండేవాళ్ళు ఆ గుంటల గురించి ఎంత భయపడతారో వాళ్ళ నోటే విన్నాను. ఆ భయం న్యాయమైనదే. అయితే గని తవ్వకం సాధ్యమయ్యేది నూనె డెబ్భై, ఎనభై మీటర్ల లోపు ఉంటేనే. నూటికి ఎనభై వంతుల నూనె అంతకంటే లోతున ఉంది. అక్కడ ఇసుకని ఉన్నచోటే ఉంచి, నూనె ఒక్కదాన్నే పైకి రప్పించాలి.

దానికి దారి వేసినవాడు రోజర్ బట్లర్. ఇంగ్లండులో పుట్టిన కెమికల్ ఇంజనీరు, కెనడాలో ఇంపీరియల్ ఆయిల్‌లో పనిచేశాడు. ఆయన ఆలోచన వినండి. నూనె పొర అడుగున అడ్డంగా రెండు బావులు, ఒకదాని మీద ఒకటి, మధ్య అయిదు మీటర్ల ఎడం, పొడవు అర కిలోమీటరు నుంచి కిలోమీటరు. పై బావిలోంచి ఆవిరి పంపుతారు. ఆవిరి పైకి లేచి ఇసుకలో ఒక గదిలా విస్తరిస్తుంది. గది గోడల దగ్గర చల్లటి తారు తగలగానే ఆవిరి నీరుగా మారి తన వేడిని అక్కడే వదిలేస్తుంది. ఇడ్లీ పాత్ర మూత లోపల చెమ్మ పడుతుంది చూడండి, అలాగ. వేడెక్కిన తారు పల్చబడి, నీళ్ళతో కలిసి గోడ వెంబడి కిందికి జారి కింది బావిలో పడుతుంది. తోసేవాడు ఎవడూ లేడు, భూమ్యాకర్షణ ఒక్కటే. 1978లో కోల్డ్ లేక్ దగ్గర మొదటిసారి చేసి చూశారు. 1974లో అల్బెర్టా ప్రభుత్వం పెట్టిన పరిశోధన సంస్థ ఒకటి, ఫోర్ట్ మెక్‌ముర్రేకి దగ్గర్లో సున్నపురాయి పొర దాకా నిలువు గనులు దింపి, అక్కడ సొరంగాలు తవ్వి, కింది నుంచి పైకి బావులు వేసి 1987లో రుజువు చేసింది. ప్రజల డబ్బుతో జరిగిన పని అది. కంపెనీలు ముందుకి రాని రోజుల్లో సర్కారు చేసి చూపించింది. ఇవాళ అల్బెర్టాలో లోతు నూనెలో ఎక్కువ భాగం ఈ పద్ధతిలోనే వస్తోంది.

ఇంత బాగుంటే ఇంకేం కావాలి అంటారా? లెక్క వేద్దాం. బోర్డు మీద వేస్తాను, మీరూ వేయండి.

ఒక పీపా నూనెకి సుమారు మూడు పీపాల నీళ్ళు ఆవిరి చేయాలి. మూడు పీపాలంటే 480 కిలోలు. కిలో నీటిని ఆ పీడనంలో ఆవిరి చేయడానికి 2600 కిలోజూళ్ళ దాకా పడుతుంది. మొత్తం పన్నెండు వందల యాభై మెగాజూళ్ళు. ఇంత అంటే ఎంత? మనింట్లో గ్యాస్ బండలో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది, దాన్ని మండిస్తే వచ్చే వేడి 650 మెగాజూళ్ళ చిల్లర. అంటే ఒక పీపా తారు పైకి రావాలంటే రెండు గ్యాస్ బండలు మండించినట్టు. బాయిలరులో పోయే వేడి కలిపితే రెండు పైనే. ఆ పీపా తారులో ఉన్న శక్తి ఆరు వేల మెగాజూళ్ళ పైచిలుకు. ఐదింట ఒక వంతు తీయడానికే ఖర్చు. దానివల్ల పీపాకి అరవై, డెబ్భై కిలోల బొగ్గుపులుసు వాయువు ఆకాశంలోకి పోతుంది, నూనె ఇంకా ఎవరి బండిలోనూ పడకముందే.

ఆ వేడి ఎక్కడికి పోతోంది? నూనెకి అనుకుంటున్నారా? బరువులో పదో వంతే నూనె. మిగతాదంతా ఇసుక. మనం వేడి చేస్తున్నది ఇసుకని. పది డిగ్రీల ఇసుకని రెండు వందల ఇరవై డిగ్రీలకి తీసుకెళ్ళి, నూనె తీసుకుని, ఆ ఇసుకని అలా వదిలేసి వస్తున్నాం. ఇంకొంత పైనున్న మట్టిపొరకి పోతుంది. అక్కడ ఒక పాత బావుల చోటు పక్కన మొదటిసారి నిలబడ్డప్పుడు నా కాళ్ళ కింద కొండంత వేడి ఇసుక ఉందని, అది ఎవరికీ పనికి రాకుండా ఏళ్ళ తరబడి చల్లారుతూ ఉంటుందని తలచుకుంటే నాకు మనసు ఒప్పలేదు. వంటింట్లో పొయ్యి ఊరికే వెలుగుతుంటే కట్టేసే ఇంట్లో పెరిగినవాణ్ణి.

పోనీ తక్కువ వేడి ఆవిరి పంపకూడదా అని మీరు అడగొచ్చు. కుదరదు. ఆవిరి వేడి ఎంతో నిర్ణయించేది పీడనం. పీడనాన్ని బార్లలో కొలుస్తారు. ఇరవై బార్ల దగ్గర ఆవిరి 212 డిగ్రీలు, అయిదు బార్ల దగ్గర 152. ఇంకా తగ్గిద్దామంటే భూమిలో ఉన్న పీడనం ఒప్పుకోదు. మరీ పెంచితే ఇంకో ప్రమాదం. 2006లో జోస్లిన్ అనే చోట ఆవిరి పైకప్పు పొరని చీల్చుకుని బయటికొచ్చి అడవిలో పెద్ద గొయ్యి పడింది, రాళ్ళు ఎగిరి దూరాన పడ్డాయి. అదృష్టం కొద్దీ మనుషులకి ఏమీ కాలేదు.

సరే, ఇప్పుడు అమ్మమ్మ కిరసనాయిలు దగ్గరికి వద్దాం.

బట్లర్ తన ఆవిరి పద్ధతిని మెచ్చుకుంటూ కూర్చోలేదు. కాల్గరీ విశ్వవిద్యాలయానికి వచ్చాక, ఇగోర్ మోక్రిస్ అనే సహచరుడితో కలిసి 1980ల చివర్లో ఒక ప్రయోగం చేశాడు. రెండు గాజు పలకలు, మధ్య సన్నటి సందు, అందులో తారు. పక్కన టొల్యీన్ ద్రావకం. నిలబెట్టి చూశారు. కరిగిన తారు సన్నటి ధారలుగా కిందికి జారింది. ఆవిరి చేసే పనే ద్రావకం కూడా చేస్తోంది, వేడి లేకుండా! తరవాత టొల్యీన్‌కి బదులు ప్రొపేన్, బ్యుటేన్ వంటి తేలికపాటి వాయువులు వాడి, 1991 కల్లా దానికి వేపెక్స్ అని పేరు పెట్టారు.

ప్రొపేన్, బ్యుటేన్ అంటే మీకు కొత్తగా ఉందా? మీ వంటింట్లో బండలో ఉన్నది అదే. ఆ రెండు వాయువుల మిశ్రమమే ఎల్పీజీ. ఇందాక తారు తీయడానికి రెండు బండలు మండించాలి అన్నాను కదా. మండించకుండా, ఆ సరుకునే కిందికి పంపి తారుని కరిగిస్తే ఎలా ఉంటుంది, మళ్ళీ పైకి రప్పించుకుని మళ్ళీ పంపితే ఎలా ఉంటుంది అన్నదే ఈ ఆలోచన.

కాని చల్లటి ద్రావకం చాలా నిదానంగా పనిచేసింది. దీనికి కారణం ఇసుకలో వేడి పాకే వేగానికీ, ద్రావకపు అణువులు తారులోకి చొచ్చుకుపోయే వేగానికీ ఉన్న తేడా. వేడి వెయ్యి రెట్లు చురుకు. చల్లటి తారు గోడలోకి ప్రొపేన్ అణువు దూరాలంటే గట్టిపడ్డ బెల్లపు పాకంలో చీమ నడిచినట్టే. అల్బెర్టాలోనే డోవర్ అనే చోట పొలంలో, పొలం అంటే చమురు పొలం, వేపెక్స్‌ని పెద్ద ఎత్తున చేసి చూశారు, 2000ల మొదట్లో. వాణిజ్యానికి సరిపడే వేగం రాలేదు. "చల్లగా ఉంటే కిరసనాయిలైనా లొంగదురా."

మరి ఎండలో కూర్చోబెడితే?

ఈ ఉపాయం నాకెందుకు ఇష్టమో ఇక్కడ కాస్త నెమ్మదిగా చెబుతాను. ప్రొపేన్‌నో బ్యుటేన్‌నో పైన వేడి చేసి ఆవిరిగానే కిందికి పంపుతారు. అది గదిని నింపుతుంది. గోడ దగ్గర చల్లటి తారు తగలగానే ద్రవంగా మారుతుంది. మారేటప్పుడు తన గుప్తోష్ణాన్ని, అంటే ఆవిరిలో దాగి ఉన్న వేడిని, అక్కడే ఇస్తుంది. పెళ్ళిళ్ళలో పెద్ద పొయ్యి మీద వండుతుంటే గ్యాస్ బండ చల్లబడి చెమరుస్తుంది, గమనించారా? లోపలి ద్రవం ఆవిరవుతూ బండలోని వేడిని లాక్కుంటుంది. ఇక్కడ జరిగేది దానికి తిరగబడ్డ పని. ఆవిరి ద్రవమవుతూ గోడకి వేడి ఇస్తుంది. వేడి తగిలి తారు కాస్త మెత్తబడుతుంది, అదే క్షణంలో అదే చోట తాజా ద్రావకం తయారుగా ఉంటుంది, మెత్తబడ్డ తారులోకి చొరబడుతుంది. వేడి తలుపు తీస్తుంటే ద్రావకం లోపలికి వెళుతోంది. యాభై డిగ్రీల దగ్గర తారు ఒక్కటే ఉంటే ఇంకా వేల సెంటీపాయిజ్ చిక్కదనం ఉంటుంది, పారదు. పది డిగ్రీల దగ్గర ద్రావకం ఒక్కటే ఉంటే లోపలికి పోదు. రెండూ కలిస్తే పదుల్లోకి దిగి నూనెలా పారుతుంది.

ఎంత వేడి చాలు? నలభై నుంచి అరవై డిగ్రీలు. రాజమండ్రి మే నెల కంటే కాస్త ఎక్కువ, అంతే. ఇసుకని పది డిగ్రీల నుంచి యాభైకి తెస్తే చాలు, రెండు వందల ఇరవైకి అక్కర్లేదు. రెండు వందల పది డిగ్రీలు పెంచాల్సిన చోట నలభై పెంచుతున్నాం. ఇసుకలో వదిలేసే వేడి ఐదో వంతుకి పడిపోయింది. నీళ్ళు అసలే వద్దు. నీళ్ళు శుద్ధి చేసే కర్మాగారం వద్దు. ఏ ద్రావకం అన్నది భూమిలోని పీడనం చెబుతుంది: యాభై డిగ్రీల దగ్గర బ్యుటేన్‌కి అయిదు బార్లు కావాలి, ప్రొపేన్‌కి పదిహేడు. లోతు తక్కువైతే బ్యుటేన్, ఎక్కువైతే ప్రొపేన్.

పైగా ప్రొపేన్‌కి ఇంకో గుణం ఉంది. తారులో ఉండే అతి బరువైన భాగం, ఆస్ఫాల్టీన్లు అంటారు, వాటిని అది కరిగించదు. అవి ఇసుకలోనే కొంత ఆగిపోతాయి. పైకి వచ్చేది కాస్త తేలికైన, మేలైన నూనె. రిఫైనరీలో చేసే పని కొంత భూమిలోనే అయిపోయిందన్నమాట. అవి ఇసుక రంధ్రాలకి అడ్డం పడవా అని అడగాలి మీరు. అడ్డం పడతాయన్న భయం మాకూ ఉండేది. ద్రావకం మోతాదు, పీడనం జాగ్రత్తగా చూసుకోకపోతే నిజంగానే పడతాయి.

ఇక మా ప్రయోగశాలలో జరిగిన ఒక పొరపాటు. ఎక్కడ అన్నది చెప్పను, అవసరం లేదు. ఇసుక, తారు దట్టించిన పెద్ద ఇనప గొట్టంలోకి వెచ్చటి ప్రొపేన్ పంపుతున్నాం. మొదటి రోజు నూనె బాగా కారింది. మూడో రోజుకి తగ్గింది. వారానికి దాదాపు ఆగిపోయింది. ఆస్ఫాల్టీన్లు మూసేశాయని అందరం అనుకున్నాం, నేను నివేదిక కూడా సగం రాశాను. గొట్టం విప్పి చూస్తే ఇసుక శుభ్రంగా ఉంది. రెండు వారాలు తల పట్టుకున్నాక తేలింది: పంపే ప్రొపేన్‌లో కొద్దిగా నత్రజని కలిసి ఉంది. సిలిండరు మార్చినప్పుడు గొట్టాల్లోంచి గాలి పూర్తిగా పోలేదు. నత్రజని అక్కడ ద్రవంగా మారదు. ప్రొపేన్ గోడ దగ్గర ద్రవమై కిందికి జారిపోతుంటే, వెంట వచ్చిన నత్రజని మాత్రం గోడ దగ్గరే పోగుపడి దుప్పటిలా కప్పేసింది. వెనక వచ్చే ప్రొపేన్ గోడని చేరలేకపోయింది. నూటికి ఒకటో రెండో వంతుల వేరే వాయువు మొత్తం పనినే ఆపేసింది. తారులో సహజంగా కరిగి ఉండే మీథేన్ కూడా ఇదే పని చేస్తుంది. అందుకే తిరిగొచ్చిన ద్రావకాన్ని మళ్ళీ పంపే ముందు మీథేన్ వేరుచేసి తీరాలి. ఈ శుద్ధి దగ్గర రాజీ పడితే ఇంకేదీ పనిచేయదు. సగం రాసిన ఆ నివేదిక ఇంకా నా దగ్గరే ఉంది.

ఇప్పుడు నేను ఈ సభకి వచ్చిన అసలు మాట.

అల్బెర్టా వెళ్ళకముందు నా మొదటి ఉద్యోగం పశ్చిమగోదావరిలో ఒక తవుడు నూనె సాల్వెంట్ ప్లాంటులో. మీలో కొందరి నాన్నలు అలాంటి చోట పనిచేస్తూ ఉండొచ్చు. తవుడులోంచి నూనె తీయడానికి హెక్సేన్ అనే ద్రావకం వాడతారు. యాభై, అరవై డిగ్రీలకి వెచ్చబెట్టి పంపుతారు. చల్లగా పంపితే నూనె సరిగ్గా రాదు, డెబ్భైకి పోనిస్తే హెక్సేన్ ఆవిరైపోతుంది. నూనె, హెక్సేన్ కలిసి వచ్చిన మిసెల్లాని మరిగించి, హెక్సేన్ ఆవిరిని కండెన్సరులో చల్లార్చి మళ్ళీ వాడతారు. ఎండిన తవుడుని కూడా వేడిచేసి అందులో చిక్కిన హెక్సేన్‌ని లాగేస్తారు. రోజూ పొద్దున్నే మా మేనేజరు గారు అడిగే మొదటి ప్రశ్న నూనె ఎంత వచ్చింది అని కాదు. "హెక్సేన్ లాస్ ఎంత?" టన్ను తవుడుకి నాలుగైదు కిలోల దగ్గర ఉంటే మొహం బాగుండేది. ఏడు దాటితే ఆ రోజంతా ప్లాంటులో ఎవరికీ టీ రుచించేది కాదు.

అల్బెర్టాలో భూమి లోపల జరిగేది కూడా సాల్వెంట్ ప్లాంటే. తేడా ఒకటే. మా ప్లాంటుకి గోడలున్నాయి, దానికి లేవు.

వెచ్చటి ద్రావకం గురించి మాట్లాడేవాళ్ళు వేడి ఎంత తగ్గిందో చెప్పి ఊరుకుంటారు. నేనూ ఇందాక అదే చెప్పాను. రెండో సగం కూడా వినాలి. కిలో ఆవిరి ద్రవమైతే 1900 కిలోజూళ్ళు ఇస్తుంది. కిలో బ్యుటేన్ ఇచ్చేది 350 దరిదాపు. ఐదో వంతు. కావలసిన వేడి ఐదో వంతుకి తగ్గింది నిజమే, కిలోకి తెచ్చే వేడి కూడా ఐదో వంతుకి తగ్గింది. అంటే తిరగాల్సిన సరుకు బరువు తగ్గలేదు. పీపా నూనెకి కొన్ని పీపాల బ్యుటేన్ కిందికి వెళ్ళి పైకి రావాలి. నీళ్ళు నూటికి పది లోపల ఉండిపోయినా ఎవరూ ఏడవరు. బ్యుటేన్ అలా కాదు, దాని ధర తారు ధర కంటే ఎక్కువ ఉండే రోజులు చాలా ఉంటాయి. లెక్క కోసం మూడు పీపాలు తిరుగుతోందనుకుందాం. నూటికి అయిదు వంతులు రాకపోతే పీపా నూనెకి ఏడో వంతు పీపా పైనే బ్యుటేన్ పోయినట్టు. లాభమంతా అక్కడే ఇంకిపోతుంది. బావులు మూసే ముందు పీడనం తగ్గించి, కరిగి ఉన్న ద్రావకాన్ని ఆవిరి చేసి లాగొచ్చు. చాలా వరకు వస్తుంది కూడా. కానీ ఇసుకలో మట్టి పొరలుంటే, పైన గ్యాసో అడుగున నీరో ఉన్న పొర తగిలితే, అటు జారిపోయిన ద్రావకాన్ని తిరిగి పట్టుకోవడం చాలా కష్టం. అందుకని నా మట్టుకు నాకు ఈ పద్ధతి గొప్పదా కాదా అన్న ప్రశ్నే లేదు. ఏ ఇసుకలో అన్నదే ప్రశ్న. అడ్డు పొరలు లేని, పైకప్పు గట్టిగా ఉన్న, పరిశుభ్రమైన ఇసుకలో ఇది ఆవిరిని ఓడిస్తుందని నేను నమ్ముతాను. అన్ని చోట్లా అంటే నమ్మను.

ఎన్‌సాల్వ్ అనే కాల్గరీ సంస్థ ఈ పనిని నిజమైన బావుల్లో చేసి చూపించింది. 2014లో డోవర్ దగ్గర, మూడు వందల మీటర్ల జంట బావులతో, నీళ్ళు చుక్క వాడకుండా నూనె తీసింది. అదే ఏడాది చమురు ధర కూలింది. వంద డాలర్ల పైనున్నది 2016 మొదట్లో ముప్ఫై లోపుకి పడింది. ఆ 2016 మే నెలలోనే ఫోర్ట్ మెక్‌ముర్రేని కార్చిచ్చు చుట్టుముట్టి ఎనభై వేల పైచిలుకు జనం ఇళ్ళు వదిలి ఒకే రోడ్డు మీద బయటపడ్డారు. కొత్త పద్ధతికి డబ్బు పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? ఆ ప్రయోగ బావుల తరవాత పెద్ద ప్రాజెక్టు రాలేదు.

పరిశ్రమ నడిమి దారి పట్టుకుంది. ఆవిరినే ఉంచి, అందులో కొంత ద్రావకం కలపడం. కోల్డ్ లేక్‌లో గ్రాండ్ ర్యాపిడ్స్ అనే ప్రాజెక్టులో ఈ పద్ధతితో 2024లో వాణిజ్య స్థాయిలో నూనె మొదలైంది, రోజుకి పదిహేను వేల పీపాల లక్ష్యం. వేడి గోడకి ముందు చేరుతుంది, ద్రావకం వెనకాలే వస్తుంది. పూర్తి ద్రావకం ఇచ్చేటంత పొదుపు రాదు గానీ, సరుకు తక్కువ పోతుంది. కంపెనీ లెక్కలు రాసేవాళ్ళు దీన్ని ఎందుకు ఎంచుకున్నారో నాకు అర్థమవుతుంది. నాకు మాత్రం మనసు యాభై డిగ్రీల దగ్గరే ఉంది.

ఇంతవరకూ నేను మాట్లాడాను. ఇక మీరు అడగండి.

ప్రశ్న: సార్, నూనె వాడకమే తగ్గించాలంటున్న రోజుల్లో ఈ నూనె తీయడం మెరుగుపరచడం ఎందుకు?

అడగాల్సిన మాటే అడిగావు బాబూ. నేనూ చాలాసార్లు అడుక్కున్నాను. అల్బెర్టాలో ఇవాళ కూడా రోజుకి ముప్ఫై లక్షల పీపాల పైన తారు వస్తోంది. నేను వద్దన్నంత మాత్రాన రేపు ఆగదు. ఆగే రోజు దాకా లోతు నుంచి తీసే ప్రతి పీపాకి రెండు బండల గ్యాసు తగలేయాలా, అరబండ చాలా అన్నది చిన్న తేడా కాదు. ఇంకో మాట. ఫోర్ట్ చిపెవయన్‌లో ఒక పెద్దావిడ నాతో, మీ కొత్త పద్ధతికి మా నీళ్ళు కావాలా అని అడిగింది. అక్కర్లేదమ్మా అన్నాను. అయితే కూర్చుని చెప్పు, వింటాను అంది. ఆ నీళ్ళ కోసమైనా ఈ పని చేయదగ్గదే.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటి నూనె ఉందాండి?

ఇంత చిక్కటిది, ఇంత పెద్ద ఎత్తున లేదు. గుజరాత్ మెహసానా దగ్గర బలోల్, సంతాల్ అనే చోట్ల బరువు నూనె ఉంది. దాని చిక్కదనం వందల సెంటీపాయిజ్, అల్బెర్టా తారు ముందు నీళ్ళ కిందే లెక్క. అక్కడ ఇంకో గొప్ప పని చేశారు: గాలి పంపి, భూమిలోనే కొంత నూనెని మండించి, ఆ వేడితో మిగతాదాన్ని తోస్తారు. 1990లలో మొదలుపెట్టారు. రాజస్థాన్ బాఘేవాలాలో ఆవిరి వాడుతున్నారు. ద్రావకం మాటకొస్తే, అల్బెర్టాలో ప్రొపేన్ పుష్కలం. మనం వాడే ఎల్పీజీలో సగానికి పైగా దిగుమతే. ఓడలెక్కి వచ్చిన వంటగ్యాసుని భూమిలోకి పంపమని నేను చెప్పను. ఇక్కడి ఇసుక వేరు, ఇక్కడి లెక్క వేరు.

ప్రశ్న: సార్, ఆ గాజు పలకల ప్రయోగం మా కాలేజీలో చేయొచ్చా?

తప్పకుండా అమ్మా. రెండు గాజు పలకలు, అంచుల్లో మిల్లీమీటరు మందం ప్యాకింగ్, ఒక పక్క రోడ్డు తారు, రెండో పక్క టొల్యీన్. నిలబెట్టి, తారు అంచు ఎంత వెనక్కి జరిగిందో గంట గంటకీ ఫొటో తీయండి. ప్రొపేన్ జోలికి వెళ్ళొద్దు. టొల్యీన్ ఆవిరి పీల్చకూడదు, ఫ్యూమ్ హుడ్ లేకుండా మొదలుపెట్టొద్దు. దగ్గర్లో నిప్పు గానీ, హీటరు గానీ, స్విచ్చి గానీ ఉండకూడదు. మీ మేడమ్ పక్కనుండాలి.

మరి వేడి ప్రభావం ఎలా చూడాలంటావా? హీటరు పెట్టకండి. జనవరి తెల్లవారుజామున ఒకసారి చేయండి, మే నెల మధ్యాహ్నం ఒకసారి చేయండి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి నాకు పంపండి.